బొమ్మరైళ్ల నిర్మాత ఫ్రాంక్ హార్న్‌బీ

పిల్లల ఆటవస్తువులను తీర్చిదిద్దుటకే జీవితమును వినియోగించి కీర్తి గడించినవారు లోకమున అరుదు. అట్టివారిలో ఫ్రాంక్ హార్న్‌బీ ఒకడు. ఇతడు 1863వ సంవత్సరము మే 15వ తేదీన ఇంగ్లండు దేశమందలి లివర్‌పూల్ నగరమున జన్మించెను. తండ్రి ఆహారపదార్థముల వర్తకుడు. పదునారేండ్ల ప్రాయమున చదువు చాలించి ఫ్రాంక్ తండ్రి వ్యాపారమున లెక్కలు చూచు పనిలో ప్రవేశించెను. యంత్రవిద్యను అతడు ఏ పాఠశాలయందును అభ్యసింపలేదు. అయినను అతని మనస్సు ఎల్లప్పుడును యంత్రములపైననే ఉండెడిది.

1899లో తండ్రి మరణింపగా వ్యాపారము మూతపడెను. హార్న్‌బీ మాంసము దిగుమతి చేయు ఒక వర్తకునికడ గుమాస్తాగా చేరెను. ఆ దినములలో తీరిక వేళల తన ఇరువురు కుమారులకు రేకుతో వంతెనలు, బండ్లు, బరువులెత్తు క్రేనులు చేసి ఇచ్చుచుండెను. ప్రతి బొమ్మకును క్రొత్త భాగములు కోయవలసి వచ్చుట మిక్కిలి శ్రమగా నుండెను. ఒక బొమ్మను విప్పి, ఆ భాగములతోనే మరియొకటి ఏల కట్టరాదని అతడు ఆలోచించెను. అర అంగుళము వెడల్పుగల రేకుబద్దలకు అర అంగుళమునకొకటి చొప్పున రంధ్రములు చేసెను. రంధ్రములన్నియు సమదూరమున నుండుటచే ఏ బద్దనైనను మరియొక బద్దకు బోల్టుతో బిగింప వీలయ్యెను.

ఈ ఉపాయమునకు పేటెంటు హక్కు పొందుటకు ధనము కావలసి వచ్చెను. యజమానియైన ఎలియట్ 5 పౌనులు అప్పిచ్చి, పిదప భాగస్వామి కూడ అయ్యెను. 1901లో హక్కు లభించినను మొదటి కొన్ని ఏండ్లు లాభము చేకూరలేదు. హార్న్‌బీ పట్టు విడువలేదు. 1907లో ఆ బొమ్మలకు మెకానో అను పేరు వచ్చెను. గిరాకీ పెరుగగా 1914లో లివర్‌పూల్‌లోని బిన్స్ రోడ్డున పెద్ద కర్మాగారము వెలసెను.

అంతవరకు ఇంగ్లండులో అమ్ముడుపోవు బొమ్మరైళ్లలో పెక్కు జర్మనీ నుండి వచ్చుచుండెను. మొదటి ప్రపంచయుద్ధమువలన ఆ దిగుమతి నిలిచెను. 1920లో హార్న్‌బీ తన రైళ్లను విడుదల చేసెను. పట్టాల నడుమ ఎడము 32 మిల్లీమీటర్లు. గడియారమునకువలె కీ ఇచ్చినచో ఇంజను నడచును. మెకానోవలెనే వీనిని కూడ విప్పి తిరిగి బిగింపవచ్చును; చెడిన భాగమును మాత్రము మార్చుకొనవచ్చును. 1925లో విద్యుత్తుతో నడచు రైలు వచ్చెను. ఇంటి దీపములకు వచ్చు విద్యుత్తునే మొదట వాడిరి. అది పిల్లలకు అపాయకరమగుటచే, త్వరలోనే తక్కువ వోల్టుల పద్ధతిని అవలంబించిరి.

హార్న్‌బీ 1931 నుండి 1935 వరకు బ్రిటిషు పార్లమెంటు సభ్యుడుగా నుండి, 1936 సెప్టెంబరు 21వ తేదీన మరణించెను. అతని కృషి అంతటితో ఆగలేదు. పెద్ద రైలుకు విశాలమైన గది కావలెను. చిన్న ఇండ్లవారికి అది సాధ్యము కాదు. 1938లో అతని సంస్థ 16.5 మిల్లీమీటర్ల ఎడముగల పట్టాలపై నడచు రైళ్లను తయారుచేసెను. భోజనపు బల్లమీదనే రైలుమార్గము అమరెను. విద్యుత్ప్రవాహపు దిశను మార్చినచో ఇంజను వెనుకకు నడచును. నేడు పట్టాలగుండ పంపు సంకేతములచే ఒకే మార్గముపై పలు ఇంజనులను వేరువేరుగా నడుపుచున్నారు.

బిన్స్ రోడ్డు కర్మాగారము 1979లో మూతపడినను, బొమ్మరైళ్లపై హార్న్‌బీ పేరు నేటికిని నిలిచియున్నది. తన బిడ్డల సంతోషమునకై ఒక గుమాస్తా చేసిన చిన్న ప్రయత్నము, ఓర్పు తోడగుటచే, అనేక దేశముల బాలురకు యంత్రవిద్యపై అభిరుచి కలిగించెను.