ఐరీన్ జోలియో క్యూరీ

రేడియమును కనుగొనిన పియరీ, మేరీ క్యూరీ దంపతుల పేరు వినని విద్యార్థి యుండడు. వారి పెద్దకుమార్తె ఐరీను చరిత్ర మాత్రము మనలో ననేకులకు తెలియదు.

ఈమె 1897 సెప్టెంబరు 12వ తేదీన పారిసు నగరమున జన్మించెను. 1906లో తండ్రి వీధిలో గుఱ్ఱపుబండి క్రింద పడి మరణించినపు డామెకు ఎనిమిదేండ్లు. తల్లియు, ఆమె మిత్రులైన ఆచార్యులును తమ పిల్లలకు తామే వంతులవారీగా పాఠములు చెప్పిరి. ఐరీను కొంతకాల మట్లు చదివెను. 1914లో యుద్ధము రాగా, ఇరువదేండ్లయినను నిండని యీ బాలిక తల్లితో కూడ సైనిక వైద్యశాలలకు పోయి, ఎక్స్‌కిరణ యంత్రములతో గాయపడినవారి దేహములలోని తూటాల చోటును వైద్యులకు చూపెను. 1926లో తల్లి ప్రయోగశాలయందే పనిచేయుచున్న ఫ్రెడరిక్ జోలియోను వివాహమాడెను.

ఈ దంపతులకు అదృష్టము చేతి కందినట్లే అంది జారిపోయెను. 1932లో న్యూట్రాను చేసిన పనిని వారు కన్నులార చూచియు గామా కిరణముల పని యని తలచిరి; కొలది దినములలోనే కేంబ్రిడ్జిలో చాడ్విక్కు దాని నిజస్వరూపమును గ్రహించెను. 1933 అక్టోబరులో బ్రస్సెల్సు నగరమున జరిగిన పండితసభలో, ఆల్ఫా కణములు తాకిన అల్యూమినియము నుండి న్యూట్రానులును పాజిట్రానులును వెడలుచున్నవని వారు విన్నవింపగా, ప్రసిద్ధురాలగు లీజ్ మైట్నరు తన ప్రయోగములలో న్యూట్రానులు కానరాలేదనెను. సభ్యులలో పెక్కురు వీరిని నమ్మలేదు.

వా రింటికి వచ్చి ఆ ప్రయోగమునే మరల చేసిరి. 1934 జనవరిలో పొలోనియమును అల్యూమినియపు రేకు వద్దనుండి తొలగించినను గైగరు యంత్రము టక్కుటక్కు మనుచునే యుండెను! యంత్రమే చెడినదేమో యను సందేహము కలిగి, అందు నిపుణుడైన గెంట్నరు అను సహచరునిచే పరీక్ష చేయించిరి. యంత్రము సరిగానే యున్నది.

జరిగిన దిది. అల్యూమినియము భారసంఖ్య 27, ఆల్ఫా కణమునది 4, వెరసి 31. ఒక న్యూట్రాను వెడలిపోగా మిగిలినది 30. ఇది భాస్వరమే గాని ప్రకృతిలో దొరకు భాస్వరము గాదు. దానికి 31 ఉండవలెను. ఒక న్యూట్రాను తక్కువైన యీ పరమాణువు నిలువజాలక, పాజిట్రానును విడిచి సిలికానుగా మారును. దీని అర్ధాయువు సుమారు రెండున్నర నిమిషములు. వారు మొదట మూడుంబావు నిమిషములని కొలిచిరి. పది నిమిషములకు మిగులునది పదునారవ వంతు. మన పాఠశాలలో ముప్పావుగంట పాఠము ముగియునప్పటికి రెండున్నర లక్షలలో ఒక వంతయినను ఉండదు.

అది నిజముగా భాస్వరమే యని రసాయనశాస్త్ర పద్ధతిని చూపుటయే అన్నిటికంటె కష్టము. త్రాసున తూగని పదార్థము. చూచుచుండగనే కరగిపోవు ఆయువు. వారు రేకును హైడ్రోక్లోరికామ్లములో కరగించిరి. పైకి లేచిన ఉదజనితో కూడ భాస్వరము వాయురూపమున గొట్టములోనికి పోయెను. కిరణములు ఆ గొట్టమునుండి వచ్చెనే గాని, క్రింద మిగిలిన అల్యూమినియము నుండి రాలేదు. ఇదంతయు కొలది నిమిషములలో ముగియవలెను, ముగిసెను. నా యభిప్రాయమున ఈ చేతిపనియే ఆమె ప్రతిభకు మేటి సాక్ష్యము. అట్లే బోరాను నుండి వారు పుట్టించిన నత్రజని 13, పది నిమిషముల అర్ధాయువు గలది, నేడు హృద్రోగ పరీక్షలలో ఉపయోగపడుచున్నది.

వృద్ధురాలైన తల్లి ఆ గొట్టమును చేతబట్టి చూచి సంతసించెను. అదే సంవత్సరము జులై 4న కన్నుమూసెను. 1935లో దంపతులకు రసాయనశాస్త్రమున నోబెలు బహుమాన మిచ్చునపుడు ఆమె లేదు.

1936లో ఐరీను ఫ్రాన్సు ప్రభుత్వమున విజ్ఞాన పరిశోధనకు ఉపమంత్రిణి యయ్యెను. అప్పటి కా దేశమున స్త్రీలకు వోటే లేదు. అది 1944లో వచ్చెను. ఆ పదవిలో ఆమె కొన్ని నెలలే యుండి ప్రయోగశాలకు మరలెను. చిన్నతనమునుండి సోకిన కిరణములు దేహమును క్షీణింపజేయగా, 1956 మార్చి 17న రక్తమును చెరచు లుకేమియా వ్యాధితో పారిసులో మరణించెను. రెండేండ్లకు భర్తయు గతించెను.