రహీం సాబ్ – ఎవరి చోటు ఏదో తెలిసిన మనిషి

సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాయమని కార్యదర్శిగారు కోరినప్పుడు నాకు వెంటనే గుర్తొచ్చిన పేరు కీర్తిశేషులు సయ్యద్ అబ్దుల్ రహీం గారిది. ఫుట్‌బాల్ ఆడేవాళ్లంతా ఆయన్ని రహీం సాబ్ అనేవారు.

1962లో నేను బోధన్‌లో ఏడో తరగతి చదువుతున్నాను. మా నాన్నగారు శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవారు. సాయంత్రం కాగానే పిల్లలమంతా బంతి ఎటు పోతే అటు గుంపుగా పరిగెత్తేవాళ్లం. ఎవరి చోటు ఏదో మాకు తెలియదు. జకార్తాలో మన జట్టు గెలిచిందన్న వార్త వచ్చాక మా డ్రిల్ మాస్టారు నేల మీద పుల్లతో గీతలు గీసి, రహీం సాబ్ ఆటగాళ్లను ఎలా నిలబెడతారో చెప్పారు.

రహీం గారు 1909లో హైదరాబాదులో పుట్టారు. వృత్తి ఉపాధ్యాయులు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు తర్ఫీదు ఇచ్చారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఆయన జట్టు ఇరాన్‌ను ఓడించి బంగారు పతకం తెచ్చింది. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌లో, చాలామంది ఉత్తకాళ్లతో ఆడిన మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడింది. ఆ ఓటమి తర్వాత మన ఆటగాళ్లకు బూట్లు తప్పనిసరి అయ్యాయి.

పాత పద్ధతిలో వెనక ఇద్దరు, మధ్య ముగ్గురు, ముందు అయిదుగురు ఉండేవారు. రహీం గారు దాన్ని పట్టుకుని కూర్చోలేదు. 1956లో మెల్బోర్న్‌లో సెంటర్ ఫార్వర్డ్‌ను కాస్త వెనక్కి లాగి ఆడించారు. అతని వెంట పోతే వెనక ఖాళీ, పోకపోతే అతనికి స్వేచ్ఛ. ఎదుటి బ్యాక్‌కు ఏం చేయాలో తోచేది కాదు. మనవాళ్లు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టారు. ఆ ఒలింపిక్స్‌లో మనది నాలుగో స్థానం. వెనక నలుగురు, మధ్య ఇద్దరు, ముందు నలుగురు ఉండే పద్ధతితో బ్రెజిల్ ప్రపంచ కప్పు గెలిచింది ఆ తర్వాత రెండేళ్లకు, 1958లో.

1962 నాటికి రహీం గారికి ఊపిరితిత్తుల క్యాన్సర్. అలాగే జకార్తా వెళ్లారు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఆయన వెనక నిలబడి గోల్‌ను కాచే మనిషి. మరొకరైతే బెంచీ మీద కూర్చోబెట్టేవారే. రహీం గారు ఆయన్ని ముందుకు పంపి ఫార్వర్డ్‌గా ఆడించారు. సెమీఫైనల్లో ఆయన గోల్ కొట్టారు. సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్లీ అదే కొరియా ఎదురైంది. మైదానం నిండా మనకు వ్యతిరేకంగా కేకలు. మొదటి ఇరవై నిమిషాల్లోనే పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ సింగ్ ఒకటి కొట్టారు. గోల్ కీపర్ తంగరాజ్, ముందు వరసలో బలరాం, యూసుఫ్ ఖాన్ మన హైదరాబాద్ ఆటలో పెరిగినవారే. 2-1తో గెలిచాం.

1963 జూన్ 11న రహీం గారు కన్నుమూశారు. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం మొదలైందే 1985లో. 2024లో ఆయన జీవితం మీద హిందీ సినిమా వచ్చాక మా మనవడు, తాతా, ఈయన నీకు ముందే తెలుసా అని అడిగాడు.

నేను సెక్షన్ చూసే రోజుల్లో ఒక పెద్దాయనకు చూపు మందగించి లెక్కల్లో తప్పులు వచ్చేవి. ఆయన్ని వదిలించుకోమని పైనుంచి ఒత్తిడి. డ్రిల్ మాస్టారి గీతలు గుర్తొచ్చి, ఆయన్ని జనంతో మాట్లాడే కౌంటర్‌కు మార్చాను. రిటైరయ్యేదాకా ఆయన మీద ఒక్క ఫిర్యాదు రాలేదు.

పని అయిపోయిందని మనల్ని ఇంటికి పంపారు గానీ, మన చోటు ఎక్కడో ఒకచోట ఖాళీగానే ఉంటుంది. అది వెతుక్కోవడమే మన వంతు.