తీరానికి అభయమిచ్చిన గణపతిదేవుడు

మన జహీరాబాద్‌కు వాయవ్యాన, నేటి మహారాష్ట్రలో దేవగిరి ఉంది. కాకతీయ గణపతిదేవుడు యువకుడిగా అక్కడి యాదవ రాజులకు బందీగా చిక్కాడు. తండ్రి మహాదేవుడు ఆ పోరులోనే చనిపోయాడు. సేనాని రేచర్ల రుద్రుడు రాజ్యాన్ని నిలబెట్టగా, గణపతిదేవుడు విడుదలై 1199లో గద్దెనెక్కి సుమారు 60 ఏళ్లు పాలించాడు.

అప్పట్లో సముద్రం మీద వెళ్లేవారికి దొంగల భయమే కాదు, రాజుల భయమూ ఉండేది. గాలివానకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే ఏనుగులు, గుర్రాలు, రత్నాలతో సహా అంతా రాజే లాగేసుకునేవాడు. 1244లో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. నిర్ణయించిన సుంకం, అంటే సరుకులో ముప్పయ్యో వంతు, తప్ప ఇంకేమీ ముట్టుకోనని మాటిచ్చాడు. చెర అనుభవించినవాడు కదా, ఓడవాళ్ల భయం తెలిసే ఉంటుంది.

సెలవుల్లో పిల్లలతో చీరాల బీచ్‌కి వెళ్తే, దగ్గర్లోని మోటుపల్లి వీరభద్రస్వామి గుడిలో ఆ శాసన స్తంభం చూపించండి.