బడి దొరకని బోధకుడు: ఆంద్రే బజాన్

చలనచిత్రము కళ అగునా, కాదా అను చర్చ సినిమా పుట్టిననాటినుండియు ఉన్నది. నాటకమునకు భరతుడు దొరకినాడు. కావ్యమునకు ఆనందవర్ధనుడు దొరకినాడు. 1895లో లూమియేర్ సోదరులు పారిస్ నగరమున కదలు బొమ్మలను రుసుము గైకొని ప్రజలకు చూపిననాడు ఆ వింతకు లక్షణకర్త ఎవడును లేడు. తరువాతి అర్ధశతాబ్దిలో పలువురు ఆ పనికి పూనుకొన్నారు. తెరపైని బొమ్మను చూచునపుడు మనకు కలుగు ఆనందము ఎట్టిది, చిత్రలేఖనమువలనను నాటకమువలనను కలుగు ఆనందముకంటె అది ఏ విధమున వేరు అను ప్రశ్నను జీవితాంతము విడువక పట్టుకొన్నవారిలో అగ్రగణ్యుడు ఫ్రెంచి విమర్శకుడు ఆంద్రే బజాన్. ఆయన నలువది యేండ్లే జీవించినాడు. ఆయన తీసిన చిత్రమొక్కటియు లేదు. అయినను చిత్రము తీయువారి చూపును, చూచువారి చూపును కూడ మార్చినాడు.

బజాన్ 1918 ఏప్రిల్ 18న ఫ్రాన్సుదేశపు పశ్చిమభాగమున నున్న ఆంజే పట్టణములో జన్మించినాడు. బాల్యము లా రొషెల్ అను రేవుపట్టణములో గడచినది. ఉపాధ్యాయుడు కావలెనన్నదే ఆయన సంకల్పము. ఉపాధ్యాయ శిక్షణాలయములలో చదివి, 1938లో పారిస్ సమీపమున సాన్‌క్లూలోని ఉన్నత శిక్షణ కళాశాలలో ప్రవేశము సంపాదించినాడు. మరుసటి యేడే యుద్ధము వచ్చినది, సైన్యమునకు పోవలసివచ్చినది. 1940లో ఫ్రాన్సు ఓడిన పిదప తిరిగివచ్చి చదువు ముగించినాడు. కాని ఆయనకు నత్తి. చదువులో అంతటి ప్రతిభ చూపినవాడు 1941లో మౌఖికపరీక్షయొద్ద ఆగిపోయినాడు. మాట తడబడువాడు పిల్లలకు పాఠము చెప్పజాలడని పెద్దలు తలచినారు. తరగతిగది తలుపు ఆయనకు మూసికొన్నది.

మనలో పలువురు ఈ దెబ్బకు క్రుంగిపోయెడివారము. బజాన్ మరియొక తరగతిగదిని వెదకికొన్నాడు. అది సినిమా ప్రదర్శించు చీకటిగది. జర్మను సైన్యము పారిస్‌ను ఆక్రమించియున్న ఆ దినములలోనే ఆయన విద్యార్థులకై ఒక చలనచిత్ర సంఘమును నడపి, నిషేధములను లెక్కచేయక చిత్రములను చూపినాడు. 1944లో నగరము విముక్తి చెందిన పిదప ఒక దినపత్రికలో చిత్రవిమర్శకుడైనాడు. శ్రామికులలో సంస్కృతిని వ్యాపింపజేయుటకు ఏర్పడిన ఒక సంస్థలో చేరి, కర్మాగారములకు, కార్మిక సంఘములకు, పాఠశాలలకు రీళ్లు మోసికొనిపోయి, బొమ్మ ఆడించి, పిదప దానిని గూర్చి కూర్చున్నవారితో చర్చించెడివాడు. నత్తి ఆయనను విడువలేదు. ఆయన మాటాడుట మానలేదు. పరీక్షాధికారులు కాదన్న వృత్తినే ఆయన జీవితాంతము చేసినాడు.

ఆయన సిద్ధాంతమునకు మూలమైన వ్యాసము 1945లో వెలువడినది. ఛాయాచిత్రమునకు గల ప్రత్యేకత ఏమి అన్నది అందలి ప్రశ్న. ప్రాచీన ఈజిప్టువారు మృతదేహములను లేపనములతో నిలువజేసినారు. కాలమునకు ఆహుతియగు మనిషిని ఏదో ఒక రూపమున నిలుపుకొనవలెనను తపన మానవునికి సహజమనియు, ప్రతిమలును చిత్తరువులును ఆ తపననుండియే జనించినవనియు ఆయన భావించినాడు. అయితే చిత్తరువు ఎంత చక్కనిదైనను అది చిత్రకారుని చేతిమీదుగా వచ్చినది. ఛాయాచిత్రమున వస్తువునకును బొమ్మకును నడుమ మనిషి చేయి లేదు. వస్తువునుండి వచ్చిన వెలుతురే తన ముద్రను వేయుచున్నది. మన యిండ్లలో గోడకు వ్రేలాడు తాతగారి పాతఫొటోను తలచుకొన్న ఈ మాట బోధపడగలదు. అది వెలసిపోయియుండవచ్చును, ముఖము సరిగా కానరాకపోవచ్చును. అయినను నిపుణుడు వేసిన తైలవర్ణచిత్రము ఈయలేని ఒక నమ్మకమును అది మనకిచ్చును. ఆ మనిషి ఒకనాడు ఆ కెమెరా ఎదుట నిజముగా కూర్చుండినాడు. చలనచిత్రము ఆ మనిషితోపాటు ఆయన గడపిన ఘడియను కూడ నిలుపుచున్నది. సినిమా కలిగించు ఆనందమునకు బజాన్ చూపిన పునాది ఇదియే.

ఈ పునాదిపై నిలిచి ఆయన నాటి మాన్యసిద్ధాంతమును ప్రశ్నించినాడు. 1920 ప్రాంతమున సోవియట్ దర్శకుడు కులెషోవ్ ఒక ప్రయోగము చేసినట్లు ప్రసిద్ధి. ఏ భావమును లేని ఒక నటుని ముఖమును ఒకసారి సూపుగిన్నె ప్రక్కను, మరియొకసారి శవపేటిక ప్రక్కను కూర్చి చూపగా, ప్రేక్షకులు అదే ముఖములో ఆకలిని, దుఃఖమును చూచి నటుని మెచ్చుకొన్నారట. కావున సినిమా అనగా కూర్పు, బొమ్మకు బొమ్మను చేర్చి అర్థము పుట్టించుట అని పలువురు నిశ్చయించినారు. ఐసెన్‌స్టెయిన్‌వంటి మహాదర్శకులు ఆ మార్గమున గొప్ప చిత్రములు తీసినారు. బజాన్ వారి ప్రతిభను కాదనలేదు. ఆ పద్ధతిలో ప్రేక్షకుడు ఏది చూడవలెనో, చూచి ఏమనుకొనవలెనో ముందే మరియొకరు నిర్ణయించివేయుచున్నారు గదా అన్నది మాత్రమే ఆయన ఆక్షేపణ.

ఉదాహరణమునకు చాప్లిన్ 1928లో తీసిన సర్కస్ చిత్రమున ఆయన సింహపు బోనులో చిక్కుకొను ఘట్టము కలదు. సింహమును వేరుగాను, చాప్లిన్‌ను వేరుగాను చూపి కత్తిరించి అతికియుండినచో అది గారడి అయ్యెడిది. ఇద్దరును ఒకే చట్రములో కానవచ్చినందుననే మనము ఊపిరి బిగబట్టి నవ్వుదుము. ఆర్సన్ వెల్స్ 1941లో తీసిన సిటిజన్ కేన్‌లోని మరియొక దృశ్యము ఇంతకంటె సూక్ష్మమైనది. గదిలో తల్లి తన కుమారుని పరులకు అప్పగించు కాగితములపై సంతకము చేయుచున్నది. వెనుకనున్న కిటికీలోనుండి దూరమున ఆ పిల్లవాడు మంచులో ఆడుకొనుచు కనిపించును. దగ్గరివారును దూరపువారును సమానమైన స్పష్టతతో గోచరింతురు. తల్లి ముఖమును చూచుటయో, బాలుని ఆటను చూచుటయో ప్రేక్షకుని యిష్టము. తన బ్రదుకు మారిపోవుచున్న సంగతి ఎరుగక ఆడుకొను పిల్లవానిని తనంతట తాను కనుగొన్న ప్రేక్షకునికి కలుగు వేదన, ఎవరో వ్రేలుపెట్టి చూపినపుడు కలుగు వేదనకంటె గాఢమైనది.

మన ఆలంకారికులు వాచ్యముకంటె ధ్వని మేలన్నారు. సహృదయుడు లేనిదే రసము లేదన్నారు. బజాన్‌కు ఈ శాస్త్రముతో పరిచయమున్నదని చెప్పుటకు ఆధారము లేదు. ఆయన దారి వేరు. ఆయనకు లోకములోని వస్తువే ప్రధానము. అయినను చెప్పక విడిచిన దానిని గ్రహించు శక్తి ప్రేక్షకునికి ఉన్నదని నమ్ముటలో ఉభయులును ఒకచోట కలిసికొందురు.

ఆయన మనస్సునకు మిక్కిలి దగ్గరయైనది యుద్ధానంతర ఇటలీలో వచ్చిన వాస్తవికచిత్రముల వరుస. 1948లో విత్తోరియో దె సికా తీసిన బైసికిల్ థీవ్స్‌ను గూర్చి ఆయన మరుసటి యేడు వ్రాసిన వ్యాసము సుప్రసిద్ధము. గోడలకు ప్రకటనలు అంటించు పని దొరకిన ఒక పేదవాని సైకిలు మొదటి దినముననే దొంగల పాలగును. కుమారుని వెంటబెట్టుకొని వాడు రోము నగరమంతయు వెదకును. తుదకు తానే దొంగతనమునకు దిగి పట్టుబడును. తండ్రి పాత్ర ధరించినవాడు నిజముగా కర్మాగారములో పనివాడు. తండ్రి ప్రక్కన ఆ పిల్లవాడు నడచు నడకయే చిత్రమునకు ప్రాణమని బజాన్ గుర్తించినాడు. అందు ఉపన్యాసము లేదు. ఒక మనిషి వీధులలో నడచుచుండును. ఆ నడకనుండియే అతని పేదరికము, అవమానము, తండ్రీకొడుకుల బంధము మనకు తెలియును. ఇదే చిత్రమును 1950లో లండనులో చూచిన సత్యజిత్ రాయ్ తాను చిత్రము తీయవలసిన విధము ఇదియేయని నిశ్చయించుకొన్నాడు. 1955లో వెలువడిన పథేర్ పాంచాలీకి మరుసటి యేడు కాన్ ఉత్సవమున పురస్కారము లభించినది. ఆ విధముగా ఫ్రాన్సులో ఒక విమర్శకుని కదిలించిన చిత్రమే మనదేశమున ఒక మహాదర్శకుని మేల్కొలిపినది.

ప్రేక్షకుని స్వేచ్ఛను గూర్చిన ఈ మాట బజాన్‌కు కేవలము సౌందర్యశాస్త్రము కాదు. 1950లో ఆయన సోవియట్ చిత్రములలో స్టాలిన్ చిత్రణను విమర్శించుచు ఒక వ్యాసము ప్రకటించినాడు. జీవించియున్న నాయకుని పొరపాటెరుగని దైవమువలె తెరపై నిలుపుట చరిత్రను పురాణముగా మార్చుటయే యని ఆయన వాదము. తనతో కలిసి పనిచేయు కమ్యూనిస్టు మిత్రులకు అది ఆగ్రహము కలిగించినది. ఆయన వెనుదీయలేదు. ఆ యేడే క్షయవ్యాధి సోకి ఆరోగ్యాశ్రమమున ఉండవలసివచ్చినది. 1951లో ఆయనయు మిత్రులును కలిసి కయే ద్యు సినేమా అను మాసపత్రికను స్థాపించినారు. గొదార్, రివెట్, రోమెర్, షబ్రోల్ మున్నగు యువకులు అందు వ్రాసి, పిదప దర్శకులై, ఫ్రెంచి సినిమాకు క్రొత్త యుగము తెచ్చినారు.

వారిలో ఫ్రాన్స్వా త్రుఫో కథ ఉపాధ్యాయులందరును తెలిసికొనదగినది. తల్లిదండ్రుల ఆదరణ కరవై, బడి ఎగవేసి సినిమాహాళ్లలో తిరుగు బాలుడతడు. 1948లో అప్పులపాలై బాలనేరస్థుల సంస్కరణాలయము చేరగా, బజాన్ పూచీపడి విడిపించి పని ఇప్పించినాడు. తరువాత సైన్యమునుండి పారిపోయి చెరసాల పాలైనపుడు మరల ప్రయత్నించి విడిపించినాడు. తన యింటనే ఉంచుకొన్నాడు. 1954లో ఆ కుఱ్ఱవాడు పెద్ద దర్శకులను తూలనాడుచు వ్యాసము వ్రాసినాడు. దర్శకుడే సర్వమన్న ఆ యువకుల వాదము బజాన్‌కు పూర్తిగా సమ్మతము కాదు. 1957లో దానిని సున్నితముగా ఖండించుచు తన పత్రికలోనే వ్రాసినాడు. శిష్యుల నోరు మాత్రము నొక్కలేదు.

1954లో ఆయనకు రక్తక్యాన్సరు అని తేలినది. మృత్యువు వాకిట నిలిచియున్న ఆ నాలుగేండ్లును ఆయన వ్రాయుట ఆపలేదు. జీవితమంతయు కలిపి రెండువేల అయిదువందలకు మించి వ్యాసములు వ్రాసినాడు. వానినుండి ఏర్చి కూర్చిన సినిమా అనగానేమి అను నాలుగు సంపుటములు 1958నుండి 1962వరకు వెలువడినవి. 1958 నవంబరు 10న త్రుఫో తన తొలి పెద్దచిత్రమైన ఫోర్ హండ్రెడ్ బ్లోస్ చిత్రీకరణ ప్రారంభించినాడు. మరునాడు, నవంబరు 11న, బజాన్ కన్నుమూసినాడు. ఆయన స్మృతికే అంకితమైన ఆ చిత్రము 1959లో కాన్ ఉత్సవమున దర్శకత్వ పురస్కారము గెలుచుకొన్నది. ఆదరణ నెరుగని ఒక బాలుని కథ అది. తుదిలో వాడు సంస్కరణాలయమునుండి పారిపోయి పరుగెత్తుచుండగా కెమెరా తొందరపడక వానివెంటనే చాలసేపు సాగును. వానిని చూచుటకు మనకు కావలసినంత వ్యవధి నిచ్చును. అది బజాన్ నేర్పిన పాఠమే.

ఆయన మతమునకు లోపములు లేకపోలేదు. చట్రమును ఎన్నుకొనుటయే ఒక నిర్ణయము గదా, కెమెరాయు అబద్ధమాడును గదా అని తరువాతివారు అన్నారు. యంత్రములే లేని మనుషుల బొమ్మలను పుట్టించుచున్న ఈనాడు, వెలుతురు వేసిన ముద్రయను ఆయన పునాది మునుపటివలె గట్టిగా లేదు. అయినను తెరపై కనిపించునది నిజముగా ఉన్నదా అని మనము ఆందోళనపడుచున్నామనిన, ఆయన వేసిన ప్రశ్న సజీవముగా ఉన్నదనియే అర్థము. ఎదుటి వస్తువును ఓపికతో చూడుము, తొందరపడి అర్థము అంటగట్టకుము, ప్రక్కవానికిని చూచు అవకాశ మిమ్ము అన్నది ఆయన బోధసారము. పాఠము చెప్పు ప్రతివానికిని, వినువానికిని అది అక్కరకు వచ్చునది.