ఛార్జి అంటే ఏమిటి మాస్టారూ?

బస్సు ఛార్జి, సెల్‌ఫోన్ ఛార్జింగు, పోలీసుల ఛార్జిషీటు, ఇన్‌ఛార్జి హెడ్మాస్టరు. ఒకటే ఇంగ్లీషు మాట, ఇన్ని అర్థాలు. క్లాసులో ఏ పిల్లవాడైనా లేచి ఇదేమిటని అడిగితే మనలో చాలామందిమి పాఠం ముందుకు నడిపినవాళ్లమే. అక్కడ ఆగి, ఆ ప్రశ్నతోనే ముప్పై ఆరేళ్లు గడిపినాయనా ఒక బడిపంతులే. పేరు జేమ్స్ మర్రే.

1837లో స్కాట్లాండులోని డెన్‌హోమ్ అనే పల్లెలో దర్జీ ఇంట పుట్టారు. 14 ఏళ్లకే బడి మానేశారు. 17 ఏళ్లకు ఉపాధ్యాయుడయ్యారు. భార్య ఆరోగ్యం కోసం లండన్ చేరి కొన్నాళ్లు బ్యాంకులో గుమాస్తాగిరీ చేశారు. 1870లో మిల్ హిల్ బడిలో మళ్లీ సుద్దముక్క పట్టారు. అక్కడుండగానే, 1879లో, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు బాధ్యత తీసుకున్నారు. గడువు పదేళ్లు. ఐదేళ్లకు వెలువడిన మొదటి భాగం 'యాంట్' అనే మాట దగ్గర ఆగింది. చీమ నడకే మరి!

ఆలస్యానికి కారణం బద్ధకం కాదు. ఇంటి తోటలో వేసిన ఇనుప రేకుల షెడ్డులోకి ఊరూరి పాఠకుల నుంచి చీటీలు వచ్చిపడేవి. ఒక్కో చీటీ మీద ఒక మాట, అది కనిపించిన వాక్యం, పుస్తకం పేరు, సంవత్సరం. ఆయన పదకొండుమంది పిల్లలూ చిల్లర డబ్బులకు వాటిని అక్షర క్రమంలో పేర్చినవాళ్లే. అసలు చిక్కు ఆ తర్వాత. ఒకే మాట చీటీలను అర్థాలవారీగా కుప్పలు పెట్టి, ఏ అర్థంలోంచి ఏది పుట్టిందో తేల్చాలి. ఛార్జినే తీసుకోండి. మూలార్థం బరువు. బండికెత్తిన బరువు, తుపాకీలో కూరిన మందు, భుజాన పడ్డ బాధ్యత, జేబు మీద పడే ఖర్చు, నిందితుడి నెత్తిన మోపిన నేరం, చివరికి కరెంటు కూడా అందులోంచి వచ్చినవే.

త్వరగా కానిమ్మని ఆక్స్‌ఫర్డ్ పెద్దలు ఒత్తిడి చేసేవారు. సహాయకుల జీతాలు ఆయనకిచ్చే సొమ్ములోంచే పోవాలి. 1885లో బడి వదిలి ఆక్స్‌ఫర్డ్‌కు మారారు. 1908లో సర్ బిరుదు వచ్చింది. 80 ఏళ్లు నిండేలోగా పని ముగించాలని ఆశపడ్డారు. 1915 జులైలో, టీ అక్షరం చేతిలో ఉండగానే, 78వ ఏట పోయారు.

నిఘంటువు 1928లో పూర్తయింది. ఆయనకొచ్చే ఉత్తరాల కోసమని ఆక్స్‌ఫర్డ్ ఇంటి ముందు తపాలావారు పెట్టిన ఎర్రడబ్బా ఇప్పటికీ అక్కడే ఉంది.