సుబ్బారావు గారి చిన్న మాత్ర

కొత్తగా పెళ్లయిన ఆడపిల్లకు చీర పెడతాం, పసుపు కుంకుమ పెడతాం. వాటితో పాటు ఒక చిన్న మాత్ర సంగతి కూడా చెవిన వేయాలంటాను నేను. అదే ఫోలిక్ యాసిడ్. మా సూర్యాపేటలో గానీ, కోదాడ, మిర్యాలగూడల్లో గానీ నెల తప్పిన అమ్మాయికి డాక్టరమ్మ ముందుగా రాసే మందుల్లో అదొకటి. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపించింది మన తెలుగువాడేనని మనలో ఎందరికి తెలుసు? ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడాయన. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. చాలీచాలని సంసారం. కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్మితే బోలెడు డబ్బు వస్తుందని చిన్నతనంలోనే ఇల్లు వదిలి బయల్దేరాడు. వెంకమ్మ గారు వెనక్కి రప్పించి బడిలో కూర్చోబెట్టింది. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. అయినా ఆ తల్లి పట్టు విడవలేదు. నగలు అమ్మి చదివించింది. కొడుకు మనసు రామకృష్ణ మఠం వైపు మళ్లితే సన్యాసానికి ససేమిరా అంది. అలా ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. శేషగిరితో పెళ్లయింది. చదువు ఖర్చుకు మామగారు ఆసరా అయ్యాడు.

గాంధీగారి పిలుపు విని ఖద్దరు గౌనుతో ఆపరేషన్ గదిలోకి వెళ్లాడని శస్త్రచికిత్స నేర్పే తెల్లదొరకు కోపం వచ్చింది. చివరికి ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఇంతలో ఇంటిమీద పిడుగు పడింది. స్ప్రూ అనే జబ్బుతో, అంటే తిన్నది వంటబట్టక విరేచనాలతో మనిషి చిక్కి శల్యమైపోయే జబ్బుతో, ఇద్దరు తోబుట్టువులు కొద్ది రోజుల తేడాలో పోయారు. తనకూ అదే పట్టుకుంది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డాడు.

తర్వాత అమెరికాలోని బోస్టన్ చేరాడు. వెళ్లేనాటికి శేషగిరి గారు గర్భవతి. కొడుకు పుట్టాడు, పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. భార్యాభర్తలు మళ్లీ కలుసుకోలేదు. ఆయన గురించి చదివినప్పుడల్లా నేను ఇక్కడే ఆగిపోతాను. ఆయన గొప్పతనానికి సగం మూల్యం ఈ ఇల్లాలు చెల్లించింది. అది ఏ పుస్తకం లెక్కలోకీ రాదు.

బోస్టన్‌లో పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేశాడు. రోగుల మలమూత్రాల పళ్లేలు కడిగాడు. హార్వర్డులో ఫిస్కే అనే ఆచార్యుడితో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టాడు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో వాళ్లిద్దరే లోకానికి చూపించారు. 1940లో న్యూయార్కు దగ్గర లెడర్లీ కంపెనీలో చేరాడు.

అంతకుముందే ఒక ఆడ డాక్టరు దారి వేసి ఉంచింది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషావిడ 1928లో బొంబాయి వచ్చి, మిల్లు కూలీల్లో గర్భిణులకు రక్తం ఎందుకు తగ్గుతోందో వెతికింది. ఈస్టు సారంతో వాళ్లు కోలుకోవడం గమనించింది. ఆ సారంలోని గుణం ఫోలిక్ యాసిడ్‌దేనని తర్వాత తేలింది. 1945లో సుబ్బారావు బృందం దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. తన తోబుట్టువుల్ని మింగిన స్ప్రూ జబ్బుకే ఆ మందు పనిచేసింది! 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, ఆయన పరాయి గడ్డమీద కన్నుమూశాడు.

ఆ మాత్ర పసిబిడ్డ వెన్నుపామును కూడా కాపాడుతుందని ఆయనకు తెలియదు. అది 1991లో రుజువైంది. కడుపులో నలుసు పడ్డాక సుమారు 28 రోజుల్లోపే మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం మూసుకోవాలి. మూసుకోకపోతే బిడ్డ నడుము మీద సంచిలాంటి గడ్డతో పుట్టవచ్చు. ఒకసారి అలాంటి బిడ్డను కన్న తల్లులకు ముందునుంచే ఫోలిక్ యాసిడ్ ఇస్తే, మళ్లీ అలా జరగడం నూటికి 72 వంతులు తగ్గిందని ఆ ఏడు బ్రిటన్ పరిశోధకులు తేల్చారు.

లెక్క చూడండి. నెల తప్పిందని మనకు అనుమానం వచ్చేసరికే ఆ 28 రోజుల్లో సగం అయిపోతాయి. అత్తగారికి చెప్పి, మంచిరోజు చూసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి రెండో నెలో మూడో నెలో. అందుకే ఈ మాత్ర గర్భం రాకముందే, కనీసం నెల ముందు నుంచి మొదలుపెట్టాలి. ముందు బిడ్డకు ఈ లోపం ఉన్నవాళ్లకు మోతాదు ఎక్కువ కావాలి. మూర్ఛకు మందులు వాడేవాళ్లు వాటిని సొంతంగా ఆపకుండా, ముందుగానే డాక్టరుతో మాట్లాడాలి.

మా వైపు ఒక తల్లిని చూశాను. బిడ్డ నడుము మీద గడ్డ. గ్రహణం నాడు కూరగాయలు తరిగిందని ఇంటిల్లిపాదీ ఆమెనే ఆడిపోసుకున్నారు. గడ్డకు ఒక ఊళ్లో డాక్టరు, కాళ్లకు మరో ఊళ్లో, మూత్రానికి ఇంకో చోట. సంచీ నిండా కాగితాలు. ఒకరు రాసింది మరొకరు చూసింది లేదు. గ్రహణానికీ వెన్నుకూ సంబంధం లేదమ్మా! ఈ బిడ్డలకు కావలసింది అందరూ కలిసి చూసే వైద్యం. గడ్డ మూయడానికి, తలలో నీరు చేరితే తీయడానికి న్యూరోసర్జన్, మూత్రపిండాలు చెడకుండా యూరాలజిస్టు, పాదాలకు ఎముకల డాక్టరు, నడక నేర్పడానికి ఫిజియోథెరపిస్టు, అందరినీ కలుపుతూ పిల్లల డాక్టరు. వీళ్లలో ఏ ఒక్కరు తప్పినా మిగతావాళ్ల కష్టం వృథా. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో ఈ లోపం కూడా ఉంది. అంగన్‌వాడీకో బడికో పరీక్ష చేసే డాక్టర్ల బృందం వచ్చినప్పుడు బిడ్డను దాచిపెట్టకండి, చూపించండి. జిల్లా కేంద్రానికి, అక్కణ్ణుంచి పెద్దాసుపత్రికి దారి చెప్పాల్సింది వాళ్లే.

వెంకమ్మ గారు నగలమ్మి చదివించిన చదువు ఈ మాత్ర అయింది. ఖరీదు చూస్తే కొద్ది రూపాయలే. మీ ఇంట్లో ఈ ఏడు పెళ్లయిన అమ్మాయి ఉంటే, విశేషమేమైనా ఉందా అని అడిగే ముందు ఈ మాత్ర మొదలుపెట్టావా అని అడగండి.