లెక్క పెట్టడం నేర్పిన మాష్టారు – జె.బి.ఎస్. హాల్డేన్

కాకినాడ రంగరాయ వైద్య కళాశాలలో ఒక అస్థిపంజరం ఉంది. అది జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్ గారిది. ఇంగ్లండులో పుట్టి, భారత పౌరుడిగా భువనేశ్వర్‌లో కన్నుమూసి, చనిపోయాక కూడా మన తెలుగు పిల్లల చదువుకి పనికిరావాలని శరీరాన్ని రాసిచ్చేసిన మనిషి.

తెలుగు డిపార్ట్‌మెంటు గోడపత్రికలో జీవశాస్త్రవేత్త గురించి ఎందుకు అని కొందరికి అనిపించొచ్చు. మేనరికాల మాటా, కోరాపుట్, రాయగడ కొండల్లోని మలేరియా మాటా, సికిల్ సెల్ మాటా ఆయన కథలో ఉన్నాయి. ఒక పిఠాపురం కుర్రాడు కూడా ఉన్నాడు. అందుకని.

హాల్డేన్ 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డులో పుట్టారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ పేరున్న శరీరధర్మ శాస్త్రవేత్త. గనుల్లో విషవాయువులు మనుషుల్ని ఎలా చంపుతాయో తెలుసుకోవడం ఆయన పని. ప్రయోగానికి మనిషి కావాల్సొస్తే ముందు తనే కూర్చునేవారు, తర్వాత కొడుకుని కూర్చోబెట్టేవారు. ఒకసారి పిల్లవాణ్ణి బొగ్గు గనిలోకి తీసుకెళ్లి, నిలబడి షేక్స్పియర్ నాటకంలోని ఒక ప్రసంగం అప్పజెప్పమన్నారు. కాసేపటికి ఊపిరాడక కాళ్లు తేలిపోయి కింద పడ్డాడు. పడ్డాక మాత్రం గాలి బాగానే ఆడింది. గనిలో మండే వాయువు గాలి కన్నా తేలిక, పైకప్పు దగ్గర చేరుతుంది, నేల దగ్గర ఉండదు. ఆ పాఠం ఆయన జన్మలో మర్చిపోలేదు.

విచిత్రం ఏంటంటే ఇంత పెద్ద శాస్త్రవేత్తకి సైన్సులో ఒక్క డిగ్రీ కూడా లేదు. ఆక్స్‌ఫర్డులో లెక్కలు చదివి, తర్వాత గ్రీకు, లాటిన్ సాహిత్యాలూ తత్వశాస్త్రమూ చదివి ఫస్టు క్లాసులో పాసయ్యారు. అంటే ఒకరకంగా మన లాంటి భాషా విద్యార్థే! జీవశాస్త్రం అంతా ఇంట్లో, చెల్లెలు నవోమీతో కలిసి ఎలుకల్ని పెంచుతూ నేర్చుకున్నదే. ఆ ఎలుకల మీద చేసిన పని 1915లో అచ్చయింది. రెండు లక్షణాలు జతగా ఒక తరం నుంచి ఇంకో తరానికి వెళ్లడం క్షీరదాల్లో ఉందని చూపించిన తొలి పత్రాల్లో అదొకటి. అచ్చయ్యేనాటికి హాల్డేన్ మొదటి ప్రపంచ యుద్ధంలో ఉన్నారు. వాళ్లతో కలిసి పనిచేసిన స్ప్రంట్ అనే మిత్రుడు ఆ యుద్ధంలోనే చనిపోయాడు.

హాల్డేన్ కూడా మెసపొటేమియాలో గాయపడ్డారు. కోలుకోవడానికి భారతదేశం పంపించారు. ఈ దేశం ఆయనకి నచ్చింది. తెల్ల దొరలా బతకడం నచ్చలేదు. ఇక్కడివాళ్లతో సమానంగా కలిసిమెలిసి ఉండగలిగే రోజు వస్తేనే మళ్లీ రావాలనుకున్నారు. ఆ రావడానికి నలభై ఏళ్లు పట్టింది.

ఆ నలభై ఏళ్లలో చేసిన పని చాలా ఉంది. కేంబ్రిడ్జిలో జీవరసాయనం చెప్పారు, 1933 నుంచి లండన్ యూనివర్సిటీ కాలేజీలో జన్యుశాస్త్రం ప్రొఫెసరుగా ఉన్నారు. డార్విన్ చెప్పిన ప్రకృతి వరణాన్ని 1924 నుంచి వరసగా రాసిన పత్రాల్లో లెక్కల్లోకి తెచ్చారు. ఇంగ్లండులో ఫ్యాక్టరీల పొగకి చెట్లు నల్లబడ్డ చోట తెల్ల సీతాకోకచిలుకల లాంటి చిమ్మెటల్లో నల్లవి కొన్ని దశాబ్దాల్లోనే ఎక్కువైపోయాయి. అంత తొందరగా మారాలంటే తెల్లవి రెండు బతికే చోట నల్లవి మూడు బతకాలని ఆయన లెక్కగట్టారు. పరిణామం అంత వేగంగా నడవొచ్చని అప్పటిదాకా చాలామంది అనుకోలేదు.

తన ఒంటి మీద ప్రయోగాలు మాత్రం మానలేదు. రక్తంలో ఆమ్లం పెరిగితే ఏమవుతుందో చూడటానికి అమ్మోనియం క్లోరైడు తాగారు. 1939లో థెటిస్ అనే జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయినప్పుడు, కారణం తెలుసుకోవడానికి ఒత్తిడి గదిలో కూర్చున్నారు. ఆ ప్రయోగాల్లో వెన్నుపూస దెబ్బతింది, చెవి కర్ణభేరి చిరిగింది.

ఆయనలో లోపాలు లేవని కాదు. కోపం జాస్తి. ఎక్కడ పనిచేసినా ఎవరో ఒకరితో గొడవే. కమ్యూనిస్టు పార్టీలో ఉన్న రోజుల్లో, సోవియట్ రష్యాలో లైసెంకో జన్యుశాస్త్రాన్నే తొక్కేస్తుంటే గట్టిగా ఎదిరించాల్సినంతగా ఎదిరించలేదు. ఆ మచ్చ ఆయన మీద ఉండిపోయింది. ఆ తర్వాత పార్టీకి దూరమయ్యారు.

ఇప్పుడు మన వైపు కథకి వద్దాం. మధ్యధరా సముద్రం చుట్టుపక్కల తలసేమియా అనే రక్తజబ్బు ఎక్కువ. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా ఆ జన్యువు వస్తే పిల్లలు బతకడం కష్టం. మరి ఇంత చెడ్డ జన్యువు కాలక్రమంలో తుడిచిపెట్టుకుపోవాలి కదా, ఎందుకు పోలేదు? మలేరియా ఉన్న చోట ఒక్క వైపు నుంచే ఆ జన్యువు వచ్చినవాళ్లు మలేరియాని మిగతావాళ్ల కన్నా బాగా తట్టుకుంటారేమో అని హాల్డేన్ 1948లో ఊహించారు, 1949లో అది అచ్చయింది. 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో సికిల్ సెల్ విషయంలో సరిగ్గా ఇలాగే ఉందని చూపించారు.

కోరాపుట్, రాయగడ ప్రాంతం తెలిసినవాళ్లకి ఇది పుస్తకం సంగతి కాదు. 1936 దాకా ఆ కొండలు మన విశాఖపట్నం జిల్లాలోవే. 1992లో రాయగడ విడిపోయేదాకా రెండూ ఒకటే జిల్లా. ఆ కొండవాగుల్లో పెరిగే దోమ మలేరియాని తరతరాలుగా మోసుకొస్తోంది. అక్కడి ఆదివాసీ కుటుంబాల్లో సికిల్ సెల్ కూడా ఉంది. ఒకే చోట రెండూ ఉండటం కర్మ కాదు, శాపం అంతకన్నా కాదు. ఒక జబ్బు నుంచి కాపాడుకోవడానికి వందల తరాల ఒళ్లు కట్టిన మూల్యం అది. అయితే లెక్క తెలుసుకోవాల్సింది ఆడపిల్లలే ముందు. భార్యా భర్తా ఇద్దరూ ఆ జన్యువు మోసేవాళ్లయితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. చిన్న రక్తపరీక్షతో ముందే తెలుస్తుంది.

1957లో హాల్డేన్ భార్య హెలెన్ స్పర్వేతో కలిసి కలకత్తా వచ్చేశారు. సూయజ్ మీద బ్రిటన్ చేసిన దాడికి నిరసనగా దేశం వదులుతున్నానని చెప్పారు. మహలనోబిస్ నడిపే భారత గణాంక సంస్థలో చేరారు. లాల్చీ, ధోవతి కట్టారు, మాంసం మానేశారు. 1961లో భారత పౌరుడయ్యారు.

ఇక్కడి కుర్రాళ్లకి ఆయన నేర్పింది ఒకటే: ఖరీదైన యంత్రాలు లేవని ఏడవద్దు, కళ్లున్నాయి, నోటుబుక్కు ఉంది, లెక్క పెట్టండి. కొబ్బరిచెట్టు ఆకులు కుడివైపు తిరుగుతాయా ఎడమవైపా అని డేవిస్ లెక్కపెట్టారు. వేర్వేరు వరి రకాల్ని కలిపి నాటితే ఏమవుతుందో ఎస్.కె. రాయ్ చూశారు. కొన్ని జతలు విడిగా నాటినదాని కన్నా ఎక్కువ పండాయి. ఏ కోరాపుట్ ఆదివాసీ రైతు ఆడమనిషిని అడిగినా కొండపొలంలో చోళ్లూ, కందులూ, ఇంకా నాలుగు రకాలూ కలిపి చల్లుకోవడంలో లాభం చెబుతుంది. ఆ జయపురం ప్రాంతంలోనే 1950లలో కటక్ వరి పరిశోధన సంస్థవాళ్లు ఊరూరా తిరిగి వందల కొద్దీ దేశవాళీ వరి రకాలు సేకరించారు.

శిష్యుల్లో మనవాడు ద్రోణంరాజు కృష్ణారావు, పిఠాపురం. 1957లో హాల్డేన్ దగ్గర చేరారు. రోడ్ల పక్కన లాంటానా పొదల మీద ఏ సీతాకోకచిలుక ఏ రంగు పువ్వు మీద ఎన్నిసార్లు వాలుతుందో గంటల తరబడి లెక్కపెట్టారు. ఒక్కో జాతి ఒక్కో రంగుకే ఎక్కువగా వెళుతోందని తేలింది. మన ఆంధ్ర కుటుంబాల్లో మగవాళ్ల చెవుల మీద వెంట్రుకలు తాత నుంచి మనవడికి ఎలా వస్తున్నాయో వంశవృక్షాలు గీశారు. అది తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చే వై క్రోమోజోమ్ వల్లే అన్న ఆనాటి నమ్మకం 2004లో డి.ఎన్.ఏ. పరీక్షల్లో నిలవలేదు. శాస్త్రం అంటే అంతే, గురువుగారి కాలంలో సరే అనుకున్నది కూడా మళ్లీ తూకం వేస్తారు. మేనమామ, మేనకోడళ్ల పెళ్లిళ్ల గురించి ఆంధ్రలో ఆయన చేసిన సర్వే మాత్రం మనం పట్టించుకోవాల్సింది. దగ్గర బంధువుల్లో ఒకే దాగిన జన్యువు ఇద్దరిలోనూ ఉండే అవకాశం ఎక్కువ. ఇంట్లో సంబంధం అని పెద్దవాళ్లు ముచ్చటపడేటప్పుడు ఈ సంగతి కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా.

శిష్యులు చేసిన పనికి హాల్డేన్ తన పేరు తగిలించుకోలేదు. చాలా పత్రాలు వాళ్ల పేర్ల మీదే వచ్చాయి. రీసెర్చి చేసే అక్కలు ఎవరైనా ఇది చదివితే ఈ ఒక్క మాట దగ్గర కాసేపు ఆగుతారు.

కలకత్తాలో అభిప్రాయభేదాలొచ్చి బయటికి వచ్చేశాక, 1962లో ఒడిశా ప్రభుత్వం పిలుపు మీద భువనేశ్వర్ వెళ్లి జన్యుశాస్త్ర ప్రయోగశాల పెట్టారు. అది రెండేళ్లే నడిపారు. పేగు క్యాన్సర్ వచ్చింది. లండన్‌లో ఆపరేషన్ చేయించుకుని ఆసుపత్రిలోనే ఆ జబ్బు మీద హాస్య పద్యం రాశారు. సిగ్గుపడకుండా తొందరగా డాక్టరు దగ్గరికి వెళ్లమని అందులో సారం. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో పోయారు. 72 ఏళ్లు.

ఇవాళ కోరాపుట్‌లో కేంద్ర విశ్వవిద్యాలయం ఉంది, అక్కడ జీవవైవిధ్యం మీద పరిశోధన చేసే పిల్లలున్నారు. 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ కోరాపుట్ సాగు పద్ధతిని ప్రపంచ వారసత్వ వ్యవసాయంగా గుర్తించింది. 2023లో సికిల్ సెల్ నిర్మూలనకి దేశమంతటా కార్యక్రమం మొదలైంది. ఆ ఊళ్ల నుంచి వచ్చిన మన నేస్తాలు సెలవులకి ఇంటికెళ్లినప్పుడు ఆ పరీక్ష చేయించుకోవాలి, చెల్లెళ్ల చేతా చేయించాలి. అమ్మమ్మని కూర్చోబెట్టి ఇంట్లో ఎన్ని రకాల విత్తనాలు దాచిందో, వాటి పేర్లేంటో నోటుబుక్కులో రాసుకోవాలి. ఆ పేర్లు రాయడానికి సైన్సు డిగ్రీ అక్కర్లేదు.